లిస్బన్‌కూ మాడ్రిడ్‌కూ మధ్య పోయిన గంట

మాది మిరప ప్రోత్సాహక మండలి, గుంటూరు ప్రధాన కార్యాలయం. మా దగ్గర స్థానిక ప్రయాణాలకు ఒక నియమం ఉంది. జీపులో ఎవరు ఎక్కడికి వెళ్లినా బయలుదేరిన టైము, చేరిన టైము, మధ్య దూరం టూరు డైరీలో రాయాలి. దూరానికి తగినదాని కంటే ఎక్కువ టైము పట్టిందా, ఆ ఎక్కువ టైములో ఆఫీసరు ఏం వెలగబెట్టాడో సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇచ్చుకోలేకపోతే ఆ కాసేపూ అనుమతి లేకుండా గైరుహాజరైనట్టు. అనుమతి లేని గైరుహాజరీ అంటే సర్వీసుకు గండి. గండి పడితే అంతకుముందు చేసిన సర్వీసంతా కొట్టుకుపోయినట్టే. ఎప్పుడో ఒక ఆఫీసరు మాచర్ల టూరని చెప్పి, దారిలో బావమరిది పెళ్లిలో రెండు పూటలా భోంచేసి వచ్చినందువల్ల పుట్టింది ఈ నియమం. ఆ బావమరిదికి మనవలు కూడా పుట్టారు. నియమం మాత్రం ఇంకా పడుచుగానే ఉంది.

నా పేరు హైమావతి. సిబ్బంది సర్వీసు వ్యవహారాలు చూసే సెక్షన్‌కు సూపరింటెండెంటును. ఏ గండి పడ్డా వచ్చి పడేది నా బల్ల మీదే.

మొన్న మే నెలలో మా ఉపసంచాలకులు దారా యేసురత్నం గారిని ప్రపంచ మిరప సదస్సుకని లిస్బన్ పంపారు. మిరపకాయ మనకు పోర్చుగీసువాళ్ల ఓడల్లోనే వచ్చిందంటారు. అయిదు వందల ఏళ్ల తర్వాత వెళ్లి, మీ పిల్ల మా ఇంట్లో సుఖంగానే ఉందండీ అని చెప్పిరావడం మర్యాద కదా. అక్కణ్ణుంచి ఆయన స్పెయిన్‌లో ఎర్రమిరప పొడి మిల్లులు చూడ్డానికి మాడ్రిడ్ వెళ్లారు. ఆ పొడిలో కారం ఉండదని తెలిసి రెండు రోజులు దిగులుగా గడిపి, గుంటూరు తిరిగొచ్చారు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. సర్వీసు ముప్పై రెండేళ్లు.

ఇండియా నుంచి యూరప్ వెళ్లిరావడం ఢిల్లీ వాళ్ల పద్దు. దాని గొడవ మాకు లేదు. యూరప్‌లో దిగాక చేసేది మాత్రం స్థానిక ప్రయాణం. మా దగ్గర స్థానిక ప్రయాణానికి ఉన్నది ఒకటే డైరీ, జీపు డైరీ. యేసురత్నం గారు బుద్ధిమంతుడు. వాహనం అన్నచోట విమానం అని, డ్రైవరు పేరు అన్నచోట తెలియదు అని రాశారు. లిస్బన్‌లో ఉదయం తొమ్మిదికి బయలు, మాడ్రిడ్‌లో పదకొండూ ఇరవైకి చేరిక, దూరం అయిదు వందల పదమూడు కిలోమీటర్లు అని కూడా రాసి సంతకం పెట్టారు.

డైరీ మా అకౌంట్స్ ఆఫీసరు వంగిపురం శేషాచార్యులు గారి దగ్గరికి వెళ్లింది. శేషాచార్యులు గారు నిప్పులాంటి మనిషి. ఆయన వల్ల మండలిలో ఎవరూ ఒక్క పైసా తినలేకపోయారు, ఎవరూ ఒక్క పనీ చేయలేకపోయారు. ఆయన ఇంటర్నెట్టు తెరిచి ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం చూశారు. సరిగ్గానే ఉంది. ప్రయాణ సమయం చూశారు. గంటా ఇరవై నిమిషాలని ఉంది. వెంటనే యేసురత్నం గారికి కబురు పెట్టారు. నేనూ ఏదో ఫైలు కోసం అక్కడే ఉన్నాను.

"గంటా ఇరవై నిమిషాల ప్రయాణానికి మీకు రెండు గంటలా ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఎక్కడ ఆగారు?" అన్నారు శేషాచార్యులు గారు.

"ఆకాశంలో ఎక్కడాగుతామండీ?"

"అది మీరు చెప్పాలి."

"అక్కడ ఊరికో టైమండీ. లిస్బన్‌లో తొమ్మిదయితే మాడ్రిడ్‌లో అప్పటికే పది. ఇమానం గంటా ఇరవైలోనే పోయింది. గడియారమే ముందుంది."

"దేశానికి ఒకటే టైము ఉంటుందండీ. కాశ్మీరంలో తొమ్మిదయితే కన్యాకుమారిలోనూ తొమ్మిదే."

"ఇవి రెండు దేశాలండీ."

"మన డైరీలో మాత్రం అవి రెండు మజిలీలు." శేషాచార్యులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు తగ్గించారు. "చూడండి, మా మేనల్లుడు లండన్‌లో ఉన్నాడు. వాడికి పొద్దున్నే ఫోన్ చేస్తే అర్ధరాత్రి లేపావని తిడతాడు. ఈ మాత్రం నాకు తెలియదనుకున్నారా? నాకు తెలుసు. ఫైలుకు తెలియదు."

"మీరు చెప్పండి మరి దానికి!"

"నోటితో చెప్తే ఫైలు వినదు. మండలికి వర్తించేట్టు రెండో టైము ఒకటుందని ఉత్తర్వు చూపించండి, ఇప్పుడే మూసేస్తాను."

అలాంటి ఉత్తర్వు లేదు. ఎందుకుంటుంది? గుంటూరుకూ పిడుగురాళ్లకూ మధ్య ఇప్పటిదాకా సూర్యుడు తేడా చూపించలేదు.

ఫైలు డైరెక్టరు గారి దగ్గరికి పోయింది. డైరెక్టరు గారు ఆ మధ్యే కాలనిర్వహణ మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన మర్నాడే మెట్ల దగ్గర 'ప్రతి నిమిషం ప్రజలది' అని బోర్డు కట్టించారు. ఆ బోర్డు చదవడానికి సిబ్బంది మెట్ల మీద ఆగుతున్నారని పక్కన 'ఇక్కడ ఆగరాదు' అని ఇంకోటి కట్టించారు. ఇలాంటి మనిషి చేతికి పోయిన గంట దొరికితే ఊరుకుంటారా? మెమో ఇచ్చారు.

"శ్రీ దారా యేసురత్నం, ఉపసంచాలకులు, లిస్బన్ నుండి మాడ్రిడ్ ప్రయాణమందు అరువది నిమిషముల ప్రజాకాలమును ఎచ్చట, ఏ విధముగా, ఎవరి అనుమతితో వ్యయపరచినదీ ఏడు దినములలోగా తెలియపరచవలెను. వారు పేర్కొనిన 'అక్కడి టైము' అను అంశము మండలి రికార్డులలో లభ్యము కాలేదు. అట్టిది గలదేని, లిస్బన్ తహశీల్దారు వారి నుండి ధ్రువపత్రము దాఖలు చేయవలెను."

యేసురత్నం గారు స్కూలు అట్లాసులో పేజీ జిరాక్సు తీయించి పెట్టారు. అది ప్రైవేటు ప్రచురణ గనుక పరిగణించ వీలు లేదన్నారు డైరెక్టరు గారు. లిస్బన్‌లో తహశీల్దారు లేడని విన్నవించుకున్నారు. ఇన్‌ఛార్జి తహశీల్దారుదైనా చాలునన్నారు. చివరికి పాపం ఆయనే విసిగి, జరిగిందంతా రాసి మాడ్రిడ్ విమానాశ్రయానికి ఈమెయిలు పంపారు. అది పోయిన సామాన్లు చూసే విభాగానికి చేరినట్టుంది. తమకు ఎవరూ గంట తెచ్చి అప్పగించలేదని, దొరికితే తెలియజేస్తామని, పోయినదాని రంగు రాయమని మర్యాదగా జవాబొచ్చింది.

ఆ కాగితం పట్టుకుని యేసురత్నం గారు నా సీటు దగ్గరికొచ్చారు.

"హైమావతి గారూ, నవ్వులాటగా ఉంది గానీ, ఇది తేలకపోతే ఏమవుద్దండీ?"

చెప్పకుండా ఎలా? చెప్పాను. గంటసేపు గైరుహాజరు. సర్వీసుకు గండి. ముప్పై రెండేళ్లూ పోయి, మాడ్రిడ్‌లో దిగిన క్షణం నుంచి సర్వీసు మళ్లీ మొదలు. రిటైరయ్యేనాటికి నాలుగు నెలలు. నాలుగు నెలల మనిషికి పింఛను ఉండదు.

"అంటే నేను మాడ్రిడ్‌లో పుట్టినట్టు," అన్నారాయన.

"ఉద్యోగిగా అంతేనండీ."

నవ్వారు. నవ్వి కుర్చీలో కూర్చున్నారు. "పింఛను సంగతి అట్టుంచండి. కోర్టుకన్నా పోతా, పిల్లలన్నా చూస్తారు. ముప్పై రెండేళ్లు నేను ఆఫీసుకే రాలేదంటే ఎట్టాగండీ? ఏ ఊళ్లో కళ్లంలో నిలబడ్డా నన్ను ఎరగని రైతు లేడే. వాళ్లందరికీ కనపడింది ఎవురు?" అన్నారు. ఇంట్లో మార్తకి చెప్పొద్దండీ అని లేచి వెళ్లిపోయారు. మార్తమ్మ గారు ఆయన భార్య.

ఆ సాయంత్రమే డైరెక్టరు గారి దగ్గరికెళ్లి, సార్, మనిషి రిటైరవుతున్నాడు, త్వరగా తేల్చండి అన్నాను. నా నోరు నన్ను ఊరుకోనివ్వదు. త్వరగా అన్న మాట ఆయనకు నచ్చింది. మర్నాడు త్రిసభ్య కమిటీ వేశారు. అధ్యక్షులు ఆయన, సభ్యులు శేషాచార్యులు గారు, సభ్య కార్యదర్శిని నేను. గంట పోయిన స్థలానికి స్వయంగా వెళ్లి విచారించడం కమిటీ విధి. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. మేం గొడ్డలిని విమానమెక్కించాం.

ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నదాని మీద కమిటీ మొదటి సమావేశం జరిగింది. యేసురత్నం గారు వెళ్లినట్టే లిస్బన్ నుంచి మాడ్రిడ్ వెళ్దామన్నాను నేను. శేషాచార్యులు గారు ఒప్పుకోలేదు.

"దారిలో ఉంగరం పోతే ఏం చేస్తామమ్మా? పోయిందని తెలిసిన చోట నుంచి వెనక్కి వెతుక్కుంటూ వస్తాం. పోయిందని తెలిసింది మాడ్రిడ్‌లో. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి."

కాబట్టి మాడ్రిడ్‌లో దిగి, ఒక ఉదయం తొమ్మిదింటికి లిస్బన్ విమానం ఎక్కాం. విమానాశ్రయం గడియారం చూసి నేను డైరీలో టైము రాశాను, ముగ్గురం సంతకాలు పెట్టాం. డైరెక్టరు గారు కిటికీ పక్కన కూర్చుని, దారిలో విమానం ఆగడానికి వీలైన చోట్లు ఏమైనా ఉన్నాయా అని కిందికి చూస్తూనే ఉన్నారు. శేషాచార్యులు గారు ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి మధ్యలో స్టాపులున్నాయా అని అడిగారు. ఆ పిల్ల లేవని నవ్వి కాఫీ ఇచ్చింది. దారి పొడవునా ఎక్కడా బావమరిది పెళ్లిళ్లు కనపడలేదు.

లిస్బన్‌లో దిగి గడియారం చూస్తే తొమ్మిదీ ఇరవై.

డైరెక్టరు గారు అక్కడే నిలబడిపోయారు. "అయిదు వందల పదమూడు కిలోమీటర్లు! ఇరవై నిమిషములు!" అన్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"సార్, నా చేతి వాచీ గంటా ఇరవై నిమిషాలు తిరిగిందండీ," అన్నాను.

"ప్రైవేటు వాచీలు సాక్ష్యమునకు పనికిరావు. బయలుదేరిన చోటి గడియారము, చేరిన చోటి గడియారము. నియమములో ఉన్నది అంతే."

నియమంలో ఉన్నది నిజంగా అంతే. శేషాచార్యులు గారు నా వైపు చూసి, తెలుసమ్మా నాకు, అన్నట్టు తలూపి సంతకం పెట్టారు.

గుంటూరు వచ్చిన మర్నాడు యేసురత్నం గారిని విచారణకు పిలిచారు. కమిటీ వెళ్లొచ్చింది గనుక తన గండం గట్టెక్కిందనుకుని ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"మేము ఇరవై నిమిషములలో అధిగమించిన దూరము మీకు రెండు గంటల ఇరవై నిమిషములు ఎందుకు పట్టినది?" అన్నారు డైరెక్టరు గారు. "మొదట పోయినది ఒక గంటయే అనుకొంటిమి. విచారణలో రెండు గంటలని తేలినది."

"అయ్యా, మీరు ఎదురుదిక్కు పోయారండీ!"

"దూరమునకు దిక్కు ఉండునా?"

"దూరానికి లేదండీ, టైముకి..."

"అదియే మా పరిశోధనాఫలితము," అన్నారు డైరెక్టరు గారు సంతోషంగా. "పడమరగా పోయినచో టైము మిగులును. తూర్పుగా పోయినచో ఖర్చగును. ఇది తెలిసియు మీరు తూర్పునకు పోయినారు."

పాపం యేసురత్నం గారికి తెలిసిన విషయమే అది. తెలుసని మొదటి రోజే చెప్పి ఉన్నారు గనుక, తెలిసే చేశారన్నది రుజువైపోయింది.

ఆ వారం నుంచి మండలిలో పడమటి గాలి వీచింది. కాలాన్ని ఆదా చేసే నిమిత్తం జీపులన్నీ పడమరగానే వెళ్లాలని సర్క్యులర్ వచ్చింది. నరసరావుపేట, వినుకొండ టూర్లకు వెంటనే అనుమతి. తెనాలి తూర్పున ఉంది గనుక దుబారా కింద నిషేధం. మా తెనాలి ఇన్‌స్పెక్టరు, నేను తెనాలిలోనే ఉంటాను గదండీ, ఆఫీసుకు వస్తున్నప్పుడు పడమర, ఇంటికి పోతున్నప్పుడు తూర్పు, మరి నా సంగతేమిటని అడిగాడు. వచ్చుటకు అభ్యంతరము లేదు అని రాసిచ్చారు. వినుకొండ వెళ్లిన ఇద్దరు ఫీల్డు ఆఫీసర్లు తిరిగి రావడానికి అనుమతి దొరక్క పన్నెండు రోజులు లాడ్జిలో ఉండి, చివరికి సొంత పని మీద సెలవు పెట్టి ఇంటికొచ్చారు. పత్రికల్లో డైరెక్టరు గారి ఫోటో పడింది. వెనక గోడ మీద ప్రపంచపటం, అందులో అన్నీ ఎడమవైపుకు బాణాలు.

ఇక కమిటీ టూరు డైరీ నేను శేషాచార్యులు గారి ముందు పెట్టాలి. మా టిక్కెట్లు మాడ్రిడ్‌కు రానూపోనూ తీసినవి. అంటే లిస్బన్ చేరాక మేం తిరిగి మాడ్రిడ్ రావలసి వచ్చింది, మర్నాడు ఉదయం తొమ్మిదికి ఎక్కి పదకొండూ ఇరవైకి దిగాం. కమిటీ పని లిస్బన్‌లోనే పూర్తయింది, ఆ తర్వాతది రాయనక్కర్లేదని డైరెక్టరు గారు విమానంలోనే అన్నారు. అని నిద్రపోయారు. నేను మాత్రం రాశాను. యేసురత్నం గారి ఇస్త్రీ చొక్కా కళ్లముందు మెదులుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. ముగ్గురి పేర్లూ రాసి, దూరం రాసి, టైము రాసి, తీసుకెళ్లి శేషాచార్యులు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన ఎప్పట్లాగే ఎర్ర పెన్ను తీశారు. ఇరవై నిమిషాల దూరానికి రెండు గంటలా ఇరవై. రెండు గంటలు గైరుహాజరు. ముగ్గురు అధికారులకూ సర్వీసు గండి అని అలవాటైన చేత్తో రాసుకుంటూ వెళ్లి, పేర్ల దగ్గర ఆగారు.

"హైమావతమ్మా, ఇందులో నేను కూడా ఉన్నానా?"

"రెండో పేరు మీదేనండీ."

"ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసమ్మా నాది."

"నాకూ ఇరవై ఆరు పోయాయండీ. అందరం కలిసి మాడ్రిడ్‌లో పుట్టాం."

ఎర్ర పెన్నుకు మూత పెట్టడం ఆయన మరిచిపోయారు. డైరీ పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి దాదాపు పరిగెత్తారు. తలుపు మూశారు. నేను బయట నిలబడి, ఈ దెబ్బతో పీడ విరగడయిందని పొంగిపోయాను. తమ సర్వీసు నిలవాలంటే రెండో టైము ఉందని ఒప్పుకోక తప్పదు. ఒప్పుకుంటే యేసురత్నం గారి గంట ఆయనకు వచ్చేస్తుంది. ఇంత చిన్న లెక్క ఎవరికైనా తెలుస్తుంది.

కాఫీ వచ్చేలోగా ఉత్తర్వు వచ్చింది. ఇన్నాళ్లూ రాని ఉత్తర్వు.

"లిస్బన్, మాడ్రిడ్ నగరముల మధ్య ఒక గంట కాలభేదము గలదని మండలిచే ఇందుమూలముగా గుర్తించడమైనది. సదరు భేదము, త్రిసభ్య కమిటీ లిస్బన్ నుండి తిరుగు ప్రయాణమైన దినము ఉదయం తొమ్మిది గంటల నుండి అమలులోనికి వచ్చినట్లు భావించవలెను."

చదివి గదిలోకి వెళ్లాను. "సార్, యేసురత్నం గారు వెళ్లింది మే నెలలో కదండీ."

"అవును. ఉత్తర్వులు వెనుకకు వర్తించవు గదా," అన్నారు డైరెక్టరు గారు. "వారు ప్రయాణించిన నాటికి ఆ భేదము ఇంకనూ అమలులోనికి రాలేదు."

"మన ఇరవై నిమిషాలో?"

"అది ముందు రోజుది. దానికి అడ్డు లేదు."

శేషాచార్యులు గారు తల వంచుకుని కూర్చున్నారు. "ఏం చేయనమ్మా, నాకు తెలుసు..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశారు. ఆయన సర్వీసు నిలబడింది. డైరెక్టరు గారిదీ నిలబడింది. నాదీ నిలబడింది. నేను గట్టిగా కేకలు వేయవలసింది. అంత ధైర్యం లేక నా సీటుకు వచ్చి, ఆ ఉత్తర్వు నకళ్లు అన్ని సెక్షన్లకూ పంపాను.

సెప్టెంబరు ఆఖరి రోజు సాయంత్రం యేసురత్నం గారికి మీటింగు హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. మార్తమ్మ గారు నీలం పట్టుచీర కట్టుకుని ముందు వరసలో నా పక్కన కూర్చున్నారు. ఆవిడను నేను చూడడం అదే మొదటిసారి. డైరెక్టరు గారు శాలువా కప్పి మాట్లాడారు.

"శ్రీ యేసురత్నం గారు మన మండలికి నాలుగు మాసములు విశిష్ట సేవలు అందించినారు. ఇంత స్వల్పకాలములో ఇంతమంది రైతుల అభిమానమును చూరగొనుట సామాన్యము కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. రికార్డు ప్రకారం అందులో తప్పు మాట ఒక్కటి లేదు.

యేసురత్నం గారు లేచి మైకు పట్టుకున్నారు. నెరిసిన తల ఒకసారి నిమురుకున్నారు. "నాలుగు నెల్ల కిందట నేను ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ జుట్టు నల్లగా ఉండిందండీ. పళ్లు కూడా అన్నీ ఉండాయి. ఈ ఉద్యోగం అంత కష్టమైంది. మీరంతా జాగ్రత్తగా చేసుకోండి," అన్నారు.

హాలంతా గొల్లుమంది. డైరెక్టరు గారు కూడా బాగా నవ్వారు. శేషాచార్యులు గారు ఎందుకో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నారు.

మార్తమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ కొంచెం నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నాలుగు నెల్లేందమ్మా? ముప్పై రెండేళ్లు రోజూ పొద్దున్నే లేచి కారేజీ కట్టి పంపించానే. ఎక్కడికి పంపించానంటావు?"

ఆవిడ నా మొహం చూస్తూ జవాబు కోసం అలాగే కూర్చుంది.